విశ్రాంతి దినం మనకుంది, పడుకునే చోటు వాళ్ళకు లేదు

హ్యాపీ సబ్బాత్ అండీ అందరికీ. పాస్టరుగారికి, సంఘ పెద్దలకు, అమ్మలకు, వెనక బెంచీల్లో ఉన్న యూత్‌కి వందనాలు. క్లాసులుగా విడిపోయే ముందు ఒక అరగంట మాట్లాడమని సూపరింటెండెంటుగారు అడిగారు, సరేనన్నాను, ఎందుకంటే ఈ వారం పాఠం నా మనసులో చాలాకాలంగా నలుగుతున్న అధ్యాయం మీదే వచ్చింది. యెషయా 58.

ఈ అధ్యాయంలో 13, 14 వచనాలు మనలో చాలామందికి నోటికి వచ్చు. చిన్నప్పుడు కంఠత వాక్యంగా చెప్పించారు. విశ్రాంతిదినం మనోహరమైనది అనుకుని, ఆ రోజున వ్యాపారం చేయకుండా, లోకవార్తలు చెప్పుకోకుండా ఉంటే యెహోవాయందు ఆనందిస్తావు అని. మనం శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా సబ్బాతు, అంటే విశ్రాంతిదినం, ఆచరించేవాళ్ళం కాబట్టి ఆ రెండు వచనాలూ మన గుండెకి దగ్గర. అయితే అదే పేజీలో, అదే ప్రవక్త నోట, ఆరు వచనాల పైన ఏముంది? ఒకసారి బైబిల్ తెరవండి, ఫోన్లో ఉన్నా పర్లేదు, 7వ వచనం. చూశారా, అక్కడ మూడు పనులున్నాయి. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టు. దిక్కుమాలిన బీదలను నీ ఇంట చేర్చుకో. బట్టలు లేనివాడు కనబడితే బట్టలివ్వు. సొంత రక్తసంబంధికి ముఖం తప్పించకు అని కూడా ఉంది, దాని గురించి ఇంకోసారి మాట్లాడదాం.

ఈ మూడింట్లో మొదటిది మనం చేస్తున్నాం. ఫుడ్ ప్యాకెట్లు పంచుతున్నాం, మన సిస్టర్లు శుక్రవారం మధ్యాహ్నమే కూరగాయలు తరిగి పెట్టుకుని, సూర్యుడు గూకేలోపు వంట ముగించి మరీ పంచుతున్నారు, దేవునికి స్తోత్రం. మూడోదీ చేస్తున్నాం, దొర్కా సమాజం వాళ్ళు ఏటా బట్టలు, దుప్పట్లు పోగుచేస్తారు. మధ్యలో ఉన్నది? ఇంట చేర్చుకోవడం? దాన్ని దాటేసి వెళ్ళిపోతాం. చదివేటప్పుడు కూడా మన గొంతు అక్కడ కొంచెం స్పీడ్ అందుకుంటుంది. నేను ఇవాళ ఆ మధ్యలో మాట గురించే మాట్లాడతాను. ఇల్లు లేనివాడికి మనం తిండి ఇస్తున్నాం, బట్ట ఇస్తున్నాం, వాడికి నిజంగా కావలసింది నిద్ర, ఆ నిద్ర గురించి మాట్లాడటానికి సబ్బాతు ఆచరించే సంఘం కన్నా హక్కున్నవాళ్ళు ఎవరూ లేరని నా నమ్మకం.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషినని మీలో చాలామందికి తెలుసు. శనివారం డ్యూటీ పడకుండా ఉండాలని ఆదివారాలు, పండగలు, నైట్లు ఎక్కువ చేసేదాన్ని, తోటి సిస్టర్లతో మార్చుకుని. నైట్లు చేసేవాళ్ళకి ఒకటి అర్థమవుతుంది, ఈ ఊళ్ళో రాత్రి పన్నెండు తర్వాత ఎవరు ఎక్కడ ఒరుగుతారో. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒకావిడ వచ్చింది, భర్తకి షుగర్, కాలు తీసేశారు. వార్డులో మంచం పక్కన కింద పడుకుంటే రౌండ్స్ టైముకి లేపేస్తారు. కారిడార్లో పడుకుంటే రాత్రంతా స్ట్రెచర్లు తిరుగుతాయి. బయట చెట్టు కింద పడుకుంటే సంచి పోతుంది. మందుల చీటీ, ఆధార్ కార్డు, మిగిలిన నాలుగు నోట్లు ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్లో దోపుకునేది. ఒక రాత్రి సెలైన్ మార్చడానికి వెళ్ళాను. ఆవిడ ఇనప మంచం కోడు రెండు చేతులతో పట్టుకుని, నుదురు ఆ చేతుల మీద ఆనించి, నిలబడే నిద్రపోతోంది. కూర్చోమ్మా అన్నాను. కూర్చుంటే ఒరిగిపోతాను సిస్టర్, ఒరిగితే వాళ్ళు అరుస్తరు, అంది. ఆవిడకి తిండికి లోటు లేదండీ. గేటు దగ్గర మధ్యాహ్నం ఏదో ఒక ట్రస్టు వాళ్ళు పెడతారు, సాయంత్రం ఎవరిదో పుట్టినరోజని పులిహోర వస్తుంది. నిద్ర మాత్రం ఎవరూ పెట్టరు.

ఆవిడకి ఊళ్ళో ఇల్లుంది, పేషెంటు డిశ్చార్జి అయితే వెళ్ళిపోతుంది. అసలు ఇల్లే లేనివాళ్ళ సంగతి? ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళని గమనించారా ఎప్పుడైనా? షాపు మెట్ల మీద పడుకోవాలంటే షట్టరు పడేదాకా ఆగాలి, అంటే పదిన్నర, పదకొండు. తెల్లవారుజామున మున్సిపాలిటీ వాళ్ళు ఊడవడానికి వచ్చేలోపు లేచిపోవాలి. ఆ మధ్యలో దోమలు, కుక్కలు, ఎవడైనా తాగొచ్చి తన్నుతాడేమోనన్న భయం, పెట్రోలింగ్ జీపు లైటు. చెప్పులు విడిస్తే పోతాయని తలకింద పెట్టుకుంటారు. సంచి తాడు మణికట్టుకి కట్టుకుంటారు. ఆడవాళ్ళయితే రాత్రి పడుకోరు, కూర్చునే ఉంటారు, వెలుగున్న చోట, నలుగురూ తిరిగే చోట, ఆసుపత్రి గేటు దగ్గరో రైల్వే స్టేషన్ ముందో. తెల్లారి జనం తిరగడం మొదలయ్యాక, ఇప్పుడు ఎవడూ ఏమీ చేయడని ధైర్యం వచ్చాక కళ్ళు మూసుకుంటారు. అప్పుడు మనం ఆఫీసుకో, మందిరానికో వెళ్తూ చూస్తాం. చూసి ఏమంటాం? పట్టపగలు ఎలా పడుకున్నాడో చూడు, ఒళ్ళొంచి పని చేసుకోవచ్చుగా, సోమరి, అంటాం.

ఆ మాట బైబిల్లో ఎవరన్నారో తెలుసా? నిర్గమకాండం 5లో ఉంది. ఇశ్రాయేలీయులు మూడు దినాల ప్రయాణమంత దూరం వెళ్ళి మా దేవుణ్ణి ఆరాధించుకుంటాం, పంపించమని అడిగితే, ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో అన్న మాట అది. ఒకసారి కాదు, వెంట వెంటనే రెండుసార్లు, మీరు సోమరులు, మీరు సోమరులు అన్నాడు. గడ్డి ఇవ్వకుండా అదే లెక్క ఇటుకలు చేయమన్నాడు. నిద్ర లేనివాణ్ణి, విశ్రాంతి అడిగినవాణ్ణి సోమరి అనడం ఫరో భాష. ఆ ఐగుప్తులోంచి బయటికి తెచ్చి దేవుడు వాళ్ళకి మొట్టమొదట నేర్పించింది ఏంటి? సీనాయి కొండ దగ్గర ఆజ్ఞలు ఇవ్వకముందే, 16వ అధ్యాయంలోనే, మన్నా, అంటే ఆకాశం నుంచి దేవుడు కురిపించిన ఆహారం. ఆరో రోజున రెండింతలు కూర్చుకోండి, ఏడో రోజున బయటికి రాకండి, పడుకోండి. తరతరాలుగా సెలవు ఎరగని జనానికి దేవుడు నేర్పిన మొదటి పాఠం రెస్ట్ తీసుకోవడం.

అందుకే పది ఆజ్ఞలు రెండు చోట్ల ఉన్నా, నాలుగో ఆజ్ఞకి కారణం రెండు చోట్లా ఒకటి కాదు. నిర్గమకాండం 20లో సృష్టి కారణం, ఆరు దినాల్లో యెహోవా ఆకాశాన్నీ భూమినీ చేశాడు కాబట్టి. మనం ఎప్పుడూ దాన్నే చెబుతాం, సాక్ష్యం చెప్పేటప్పుడు, బైబిల్ స్టడీలు ఇచ్చేటప్పుడు. ద్వితీయోపదేశకాండం 5లో మోషే ఇంకో కారణం చెప్పాడు, నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావు, అది గుర్తుపెట్టుకో, అందుకే ఈ రోజు. అక్కడ నీ దాసుడూ నీ దాసీ కూడా నీలాగే విశ్రమించాలని రాసి ఉంది. ఇంకా నిర్గమకాండం 23:12కి వెళ్తే, నీ ఎద్దు, నీ గాడిద, నీ దాసి కొడుకు, పరదేశి విశ్రమించేలా ఏడో రోజున నువ్వు ఊరకుండాలి అని ఉంది. వాళ్ళు విశ్రమించడం కోసం నువ్వు ఆగాలి. నేను ఈ వచనం చాలా ఏళ్ళు చదివాను కానీ, నైట్ డ్యూటీల తర్వాత చదివితే వేరేగా వినిపించింది.

ఇక్కడ ఇంకో వచనం చెప్పాలి, ఇది మన పాఠం పుస్తకంలో లేదు. నిర్గమకాండం 22:26, 27. పొరుగువాడి బట్ట కుదువ పెట్టుకున్నావనుకో, సూర్యుడు అస్తమించే వేళకి అది వాడికి తిరిగి ఇచ్చెయ్. ఎందుకు? వాడు కప్పుకునేది అదొక్కటే, మరి ఏం కప్పుకుని పడుకుంటాడు? దేవుడు అడుగుతున్న ప్రశ్న చూడండి. అప్పు సంగతి, వడ్డీ సంగతి తర్వాత, ముందు ఈ రాత్రి వాడు ఎలా పడుకుంటాడు అని అడుగుతున్నాడు. మనం సూర్యాస్తమయం టైము చూసుకునే జనం. మన క్యాలెండర్లలో శుక్రవారం సూర్యాస్తమయం అచ్చేసి ఉంటుంది, డిసెంబరు మొదట్లో అయితే హైదరాబాదులో అయిదూ నలభై అటూ ఇటూగా. ఆ టైముకి మన పనులన్నీ ముగించాలని టెన్షన్ పడతాం, స్నానాలు, ఇస్త్రీ, వంట. అదే సూర్యాస్తమయానికి దేవుడు ఇంకో పని కూడా పెట్టాడు, కప్పుకోవడానికి లేనివాడి దగ్గరికి దుప్పటి చేరిందా అని చూడమని. అది వారానికి ఒకసారి కూడా కాదు, రోజూ.

ఏలీయా ప్రవక్త సంగతి మీకు తెలిసిందే. 1 రాజులు 19. ప్రాణం తీసుకో దేవా అని బదరీచెట్టు కింద పడుకున్నాడు. మనమైతే ఏం చేసేవాళ్ళం? కౌన్సెలింగ్. వాక్యం చెప్పేవాళ్ళం. దేవదూత ఏం చేశాడు? నిద్రపోనిచ్చాడు. తర్వాత తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిన్నాక మళ్ళీ పడుకున్నాడు ఏలీయా, దూత ఊరుకున్నాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు, ప్రయాణం చాలా దూరం ఉంది కదా అని. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గరికి వెళ్ళాక. నర్సుగా చెబుతున్నాను, ఆ వరుస సరైన వరుస. నిద్ర లేని మనిషికి పుండు మానదు, బీపీ దిగదు, షుగర్ కంట్రోల్లోకి రాదు, టీబీ మందు టైముకి వేసుకోవడం గుర్తుండదు, ఉన్న మానసిక బాధ ఇంకా ముదురుతుంది. కొన్నాళ్ళకి వాడు తనలో తాను మాట్లాడుకుంటాడు. అప్పుడు పిచ్చివాడంటాం.

బేతెస్ద కోనేరు దగ్గర 38 ఏళ్ళు జబ్బుతో ఉన్న మనిషి గురించి కూడా ఒక్కమాట. యోహాను 5. అయిదు మంటపాలున్నాయి, అక్కడ రోగులు, గుడ్డివాళ్ళు, కుంటివాళ్ళు గుంపులుగా పడి ఉన్నారు. ఆ మనిషి యేసుతో చెప్పింది, అయ్యా, నన్ను కోనేట్లోకి దించడానికి నాకెవరూ లేరు అని. ఆ రోజు విశ్రాంతిదినం అని యోహాను ప్రత్యేకంగా రాశాడు. యేసు పండక్కి యెరూషలేము వచ్చాడు, ఆయన నడిచి వెళ్ళింది ఆ మంటపాల మధ్యలోకి. సబ్బాతు రోజున, తోడు లేనివాడి దగ్గరికి. తల వాల్చుకోవడానికి స్థలం లేదని తన గురించి తనే చెప్పుకున్నాడు ఆయన, నక్కలకి బొరియలున్నాయి, పక్షులకి గూళ్ళున్నాయి అంటూ. ఆ మాట మనం పాటల్లో పాడుకుంటాం, పాడేటప్పుడు మన కళ్ళ ముందు ఎవరు కనిపించాలి?

మన సబ్బాతు బడి, అంటే ఈ బైబిల్ క్లాసులు, ఎలా మొదలైందో యూత్‌కి తెలియాలి కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను. 1852 వేసవి. మన అడ్వెంటిస్టు సంఘ స్థాపకుల్లో ఇద్దరైన జేమ్స్ వైట్, ఎలెన్ వైట్ దంపతులు అమెరికాలో రోచెస్టర్ నుంచి ఈశాన్యంగా మెయిన్ రాష్ట్రం దాకా గుర్రపు బండిలో ప్రయాణం చేస్తున్నారు, దారిలో ఊరూరా కూటాలు. మధ్యాహ్నం రోడ్డు పక్కన ఆపి గుర్రానికి మేత వేసేవాళ్ళు. గుర్రం మేస్తున్నంతసేపు జేమ్స్ వైట్ అన్నం పెట్టె మూత మీదో, టోపీ పైభాగం మీదో కాగితం పెట్టుకుని రాసేవాడు. మన సబ్బాతు బడి మొదటి పాఠాలు అలా రోడ్డు పక్కన పుట్టినవి, ఆగస్టులో పిల్లల పత్రికలో అచ్చయ్యాయి. అప్పటికి వాళ్ళ పరిస్థితి ఏంటి? 1846లో పెళ్ళయింది, సొంత ఇల్లు లేదు. ఎవరో విశ్వాసులు ఒక గది ఇస్తే అందులో ఉన్నారు. జేమ్స్ వైట్ రైల్వే లైను కోసం రాళ్ళు మోశాడు, రోజుకి 50 సెంట్లకి కట్టెలు కొట్టాడు. పెద్ద కొడుకు పసివాడు, ఊళ్ళు తిరిగే సేవలో వాణ్ణి పట్టుకు తిరగలేక అయిదేళ్ళు ఇంకొకరి ఇంట్లో పెట్టారు. ఎలెన్ వైట్ ఆ ఎడబాటు గురించి రాసింది చదివితే తల్లి గుండె ఎలా కోసుకుపోయిందో తెలుస్తుంది. 1852లోనే రోచెస్టర్‌లో ఏడాదికి 175 డాలర్లకి ఒక పాత ఇల్లు అద్దెకి తీసుకున్నారు, ప్రింటింగ్ ప్రెస్సు కూడా ఆ ఇంట్లోనే. ఒక డాలరు పెట్టి ఆరు పాత కుర్చీలు కొన్నారు, ఏ రెండూ ఒకేలా లేవు. మరుసటి ఏడాది 1853లో మొదటి సబ్బాతు బడి ఆ ఊళ్ళోనే పెట్టారు. ఈ త్రైమాసిక పుస్తకం చేతిలో పట్టుకున్నప్పుడల్లా ఇది గుర్తుంచుకోండి. మనకి పాఠాలు రాసినవాళ్ళు ఆరేళ్ళు ఇతరుల ఇళ్ళలో తల దాచుకున్నవాళ్ళు. ఎవరో ఒకరు తమ ఇంటి గది తలుపు తీశారు కాబట్టే మన సంఘం నిలబడింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తంలో ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేల మంది పైన. అందులో పట్టణాల్లో ఉన్నవాళ్ళు 9 లక్షల 38 వేలు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షా 45 వేలు. వీళ్ళని లెక్కపెట్టింది ఒకే ఒక రాత్రి, ఫిబ్రవరి 28 రాత్రి, ఫ్లైఓవర్ల కింద, ప్లాట్‌ఫారాల మీద, సిమెంటు పైపుల్లో, గుడి మంటపాల్లో ఉన్నవాళ్ళని వెతికి. ఆ రాత్రి దొరకనివాళ్ళు లెక్కలో లేనట్టే. 2010లో సుప్రీంకోర్టు చెప్పింది, పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలి, 24 గంటలూ, ఏడాది పొడుగునా తెరిచి ఉండాలి అని. 2013లో కేంద్రం పట్టణ జీవనోపాధి పథకంలో దీనికోసం నిబంధనలు పెట్టింది, మనిషికి 50 చదరపు అడుగులు, మంచినీళ్ళు, మరుగుదొడ్డి, వస్తువులు దాచుకోవడానికి చోటు. చట్టం కాగితం మీద బాగుంది. లక్షకి ఒకటి చొప్పున హైదరాబాదుకి ఎన్ని కావాలో మీరే లెక్కేసుకోండి, అన్ని లేవు. ఉన్నవాటి గురించి ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసినా కొందరు వెళ్ళరు, ఎందుకంటే 2017 నవంబరులో ఏదో అంతర్జాతీయ సదస్సు వస్తోందని నగరంలో భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్ళని దొరికినట్టు తీసుకెళ్ళి జైలు ఆవరణలోని ఆశ్రమాల్లో పెట్టారు. అలాంటివి చూసినవాళ్ళకి షెల్టర్‌కి రా అంటే వ్యాను ఎక్కిస్తారేమోనని భయం. మనం వెళ్ళి పిలిచినా మొదటి రోజున రారు. రెండోసారి, మూడోసారి అదే మొహం కనబడాలి.

ఫుడ్ ప్యాకెట్ల గురించి నాకు తోచింది సూటిగా చెబుతాను, ఎవరూ బాధపడకండి. అన్నం పెట్టడం మంచిదే. కానీ అయిదు రూపాయలకి భోజనం పెట్టే క్యాంటీన్లు హైదరాబాదులో 2014 నుంచి ఉన్నాయి, ఆంధ్రాలో అన్న క్యాంటీన్లు కూడా 2024లో మళ్ళీ తెరిచారు. పెద్దాసుపత్రుల గేట్ల దగ్గర పండగ రోజుల్లో మూడు నాలుగు ఆటోలు ఒకేసారి ఆగి పంచుతాయి, సగం తిని పారేసిన ప్యాకెట్లు గోడ వారన పడి ఉంటాయి. మామూలు మంగళవారం రాత్రి వర్షం పడితే ఎవరూ ఉండరు. మనం ఆకలిని ఎంచుకోవడానికి ఒక కారణం, అది పది నిమిషాల్లో అయిపోతుంది, ఫొటో తీసుకుని ఇంటికి వచ్చేయొచ్చు. చోటు ఇవ్వడం అలా అయిపోదు. ఇంకో మాట, ఫొటోలు వద్దు. ప్యాకెట్ అందుకుంటున్న మనిషి మొహం మన వాట్సాప్ గ్రూపులో ఎందుకు ఉండాలి? వాడి చెల్లెలో కూతురో చూస్తే ఏమనుకుంటుంది? యేసు మత్తయి 6లో కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచెయ్యికి తెలియకూడదన్నాడు.

మరి నేను అడిగేది ఏంటంటే, మన కింది హాలు. ఈ మందిరం వారంలో సబ్బాతు రోజున నిండుతుంది, బుధవారం ప్రార్థన కూటానికి కొంతమంది వస్తారు. మిగతా రాత్రులు తాళం. ఫ్యాన్లున్నాయి, బోరు నీళ్ళున్నాయి, రెండు బాత్రూములున్నాయి, ఒకదాని తలుపు బాగుచేయాలి. ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాం. డిసెంబరు, జనవరి, ఈ రెండు చలి నెలలు, పేషెంట్ల తాలూకు వాళ్ళకి, ముందు ఆడవాళ్ళకి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ హాలు తెరుద్దాం. చాపలు, దుప్పట్లు, దోమల కాయిల్, సంచి పెట్టుకోవడానికి తాళం వేసే అల్మరా. వాళ్ళకి బోధ చేయొద్దు. పడుకోనిద్దాం. యోబు తన ఇంటి తలుపు వీధి వైపు తెరిచి, పరదేశిని వీధిలో ఉండనివ్వలేదని చెప్పుకున్నాడు, 31వ అధ్యాయంలో. అంత ఇల్లు మనలో ఎవరికీ లేదు, ఫ్లాట్లలో ఉంటున్నాం, రెండు గదుల్లో అయిదుగురం. అందరం కలిసి కట్టుకున్న ఈ హాలు ఉంది కదా.

(సభలోంచి ఒకరు: అమ్మగారూ, ఎవరైనా తాగి వస్తే? వస్తువులు పోతే బాధ్యత ఎవరిది?)

అడగాల్సిన ప్రశ్నే అడిగారు బ్రదర్. అందుకే ముందు ఆడవాళ్ళు, పేషెంటు అడ్మిషన్ చీటీ ఉన్నవాళ్ళు అంటున్నాను. మొదట పదిమందితో మొదలుపెడదాం. రాత్రికి ఇద్దరు మనవాళ్ళు ఉండాలి, అందులో ఒకరు తప్పనిసరిగా సిస్టర్, నేను ముందుకొస్తాను, నైట్లు నాకు అలవాటే. పేర్లు రాసుకునే రిజిస్టరు పెడదాం, పోలీస్ స్టేషన్‌లో ముందుగా చెబుదాం, పక్కింటివాళ్ళతో మనమే వెళ్ళి మాట్లాడదాం, వాళ్ళు వేరే మతంవాళ్ళయినా ఈ విషయం అర్థం చేసుకుంటారు, వాళ్ళలో ఆసుపత్రి కారిడార్లో రాత్రులు గడపనివాళ్ళు ఎవరున్నారు? మైకు సెట్టు, కీబోర్డు పైన గదిలో పెట్టి తాళం వేద్దాం. అయినా ఏదైనా పోతుందేమో, పోవచ్చు. దుప్పటి పోతే అది ఎవరికో కావాలి కాబట్టే పోయింది.

ఫుట్‌పాత్ మీద ఎప్పటినుంచో ఉంటున్నవాళ్ళ విషయం ఇంత తేలిక కాదు, దానికి మనకి అనుభవం లేదు, ముందు మున్సిపల్ షెల్టర్లు నడిపేవాళ్ళ దగ్గరికి వెళ్ళి నేర్చుకుందాం. ఈలోగా అందరూ ఫోన్లో మూడు నంబర్లు సేవ్ చేసుకోండి. ఇల్లు లేని వృద్ధులు కనబడితే 14567, అది ఎల్డర్‌లైన్. పిల్లలైతే 1098. మానసిక బాధలో ఉన్నవాళ్ళ గురించి సలహా కావాలంటే 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. మతి స్థిమితం లేక రోడ్ల మీద తిరుగుతున్నవాళ్ళని చూస్తే పోలీసులకి చెప్పొచ్చు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వాళ్ళని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాల్సిన బాధ్యత వాళ్ళది, లాకప్‌లో పెట్టకూడదు. ఇది తెలియక చాలామంది, మనకెందుకులే అని పక్కకి తప్పుకుంటారు. ఇంకా, మీ వీధిలో పడుకునే మనిషి పేరు కనుక్కోండి. ఏమైనా కావాలా అని అడక్కండి, పేరు అడగండి, ఏ ఊరు అని అడగండి, రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి. ఆ ప్రశ్న వాళ్ళని ఎవరూ అడిగి ఉండరు.

డబ్బుల లెక్క, చాపలు ఎన్ని కొనాలి, బాత్రూం తలుపుకి కార్పెంటర్‌ని ఎవరు పిలవాలి, ఇవన్నీ ఇప్పుడు మాట్లాడను, సబ్బాతు కదా. సాయంత్రం సూర్యాస్తమయ ప్రార్థన అయ్యాక బోర్డు మెంబర్లు, దొర్కా సిస్టర్లు, రాత్రికి ఉండగలిగిన యూత్ ఇక్కడే ఆగండి, అరగంటలో తేల్చేద్దాం. ఇప్పుడు క్లాసులకి వెళ్ళండి. టీచర్లు ఆదివారం పేజీ నుంచి కాకుండా శుక్రవారం పేజీలో ఉన్న చర్చా ప్రశ్నలతో మొదలుపెట్టండి, 7వ వచనాన్ని ముందు ఒకరితో గట్టిగా, నెమ్మదిగా చదివించండి.